రియల్‌టైమ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డు: ప్యాకెట్ ఆలస్యమైందా, అసలు రాలేదా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు మీది. ఈ మధ్య ప్లాస్మా కటింగ్ టేబుల్ పెట్టారు. డెబియన్ 12 లైనక్స్ మీద, మెషీన్‌ను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ 2.9 సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మెషీన్ వైపు మోటార్లకు ఆదేశాలిచ్చే మెసా 7ఐ76ఈ బోర్డు ఉంది. ఆ బోర్డు నుంచి ఈథర్‌నెట్ కేబుల్ వచ్చి మదర్‌బోర్డులోని రియల్‌టెక్ 8111 పోర్టుకు తగులుతోంది. ప్లేటు సగం కోశాక ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అని మెసేజ్ వచ్చి మెషీన్ ఆగిపోతోంది. ఈ కార్డు దీనికి పడదని ఎవరో చెబితే రెండున్నర గిగాబిట్ పోర్టు ఉన్న కొత్త మదర్‌బోర్డు కొన్నారు. అది విండోస్‌లో బాగానే పనిచేస్తోంది, రియల్‌టైమ్ కెర్నల్‌లో (ప్రతి పనీ గడువులోపు జరిగేలా సర్దిన లైనక్స్ మూల భాగంలో) మాత్రం ఆ పోర్టు అసలు కనిపించడం లేదు. ఇప్పుడు ఏ కార్డు కొనాలన్నది మీ ప్రశ్న.

ముందు ఇంకేమీ కొనకండి. మీ దగ్గర ఉన్నవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు సమస్యలు. కొత్త బోర్డులో కార్డు కనిపించకపోవడం డ్రైవర్ సమస్య, అది తేలిక. పాత కంప్యూటర్‌లో మెషీన్ మధ్యలో ఆగడం టైమింగ్ సమస్య కావచ్చు, కరెంటు నాయిస్ కావచ్చు. ఈ రెండో విషయం తేలకుండా ఎంత ఖరీదైన కార్డు పెట్టినా మళ్లీ అక్కడికే వస్తారు.

తేలికదాన్ని ముందు ముగిద్దాం. కొత్త మదర్‌బోర్డు పెట్టి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుకు -ఎన్‌ఎన్‌కే ఆప్షన్ కలిపి నడపండి. ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అని ఉన్న లైను చివర బ్రాకెట్లలో రెండు ముక్కల నంబరు ఉంటుంది. మొదటి ముక్క తయారీదారుది, ఇంటెల్ అయితే 8086, రియల్‌టెక్ అయితే 10ఈసీ. రెండో ముక్క చిప్‌ది. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను ఉందో లేదో చూడండి. కార్డు లైను ఉండి డ్రైవర్ లైను లేకపోతే, స్లాటులో కార్డు బతికే ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ మాత్రం దొరకలేదు. అప్పుడు డీమెసేజ్‌లో (dmesg, కెర్నల్ రాసుకునే సందేశాల చిట్టా) ఆర్8169 అనే డ్రైవర్ పేరు వెతకండి. ‘అన్‌నోన్ చిప్ ఎక్స్ఐడీ’ అని కనిపిస్తే కథ తేలిపోయినట్టే, మీ కెర్నల్ కంటే ఆ చిప్ రివిజన్ కొత్తది. డెబియన్ 12 వచ్చింది 2023లో, దానితో వచ్చే కెర్నల్ 6.1. రియల్‌టెక్ 8125 కుటుంబంలో ఆ తర్వాత వచ్చిన రివిజన్లను అది గుర్తుపట్టదు. విండోస్‌లో పనిచేయడానికి కారణం తయారీదారు డ్రైవర్ విడిగా ఎక్కడమే. మీ బోర్డులో లోపం లేదు.

దీనికి మందు కొత్త కెర్నల్. రియల్‌టైమ్ ప్యాచ్ ఏళ్ల తరబడి లైనక్స్ బయటే ఉండి, 2024 నవంబర్లో విడుదలైన 6.12 నుంచి అసలు కెర్నల్‌లోనే కలిసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఉన్నది ఈ 6.12 కెర్నలే, దాని రియల్‌టైమ్ ప్యాకేజీ కూడా నేరుగా దొరుకుతుంది. దానికీ అందనంత కొత్త చిప్ అయితే తయారీదారు ఇచ్చే ఆర్8125 డ్రైవర్‌ను విడిగా బిల్డ్ చేసుకోవచ్చు. అలా బిల్డ్ చేశాక కూడా లోడ్ కాకుండా ‘కీ వాజ్ రిజెక్టెడ్’ అని వస్తే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెటప్‌లో) సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి. సంతకం లేని మాడ్యూల్‌ను అది లోపలికి రానివ్వదు. చాలామంది ఇక్కడ ఆగిపోయి, డ్రైవరే తప్పు అనుకుని ఇంకొకటి వెతుక్కుంటారు.

అయితే మీ పనికి ఆ రెండున్నర గిగాబిట్ పోర్టు వల్ల ఒరిగేదేమీ లేదు. మెసా బోర్డు మాట్లాడేది 100 మెగాబిట్లకే. మీ కార్డు ఎంత వేగందైనా కేబుల్ పెట్టగానే 100కు దిగుతుంది. పైగా ప్రతి మిల్లీసెకండుకూ అటూ ఇటూ వెళ్లేవి చిన్నచిన్న ప్యాకెట్లు. మనకు కావాల్సింది ఆ చిన్న ప్యాకెట్ ప్రతిసారీ, తప్పకుండా, గడువులోపు రావడం. కార్డు డబ్బా మీద రాసే వేగానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక అసలు సమస్య. మెషీన్ ఎందుకు ఆగుతోందో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. లైనక్స్‌సీఎన్‌సీలో సర్వో థ్రెడ్ అనేది మామూలుగా మిల్లీసెకండుకు ఒకసారి తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ బోర్డును ‘ఇప్పుడు ఎక్కడున్నావు’ అని అడుగుతుంది, జవాబు తీసుకుంటుంది, లెక్క వేస్తుంది, ‘ఇక ఇలా కదులు’ అని పంపుతుంది. జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నది ప్యాకెట్ రీడ్ టైమవుట్ నిర్ణయిస్తుంది. మీరేమీ మార్చకపోతే అది థ్రెడ్ కాలంలో 80 శాతం, అంటే 0.8 మిల్లీసెకండ్లు. ఈలోపు జవాబు రాకపోతే ఎర్రర్. తెల్లవారి కాఫీకి రావాల్సిన పాలు మధ్యాహ్నం వస్తే నెల లెక్కలో లీటరు లీటరే, కాఫీ మాత్రం తాగలేదు కదా. మామూలు నెట్‌వర్క్ పరీక్షలన్నీ నెల లెక్క చూస్తాయి. మనం చూడాల్సింది కాఫీ లెక్క.

ఒక్క ప్యాకెట్ తప్పితే మెషీన్ వెంటనే ఆగదు. డ్రైవర్‌లో ఎర్రర్ లెవెల్ అని ఒక లెక్క నడుస్తుంది. తప్పిన ప్రతి ప్యాకెట్‌కూ 2 పెరుగుతుంది, సరిగ్గా వచ్చిన ప్రతి దానికీ 1 తగ్గుతుంది, 10కి చేరితే చేతులెత్తేస్తుంది. ఇవి మొదటి నుంచీ ఉన్న సెట్టింగులు. అంటే వరసగా అయిదు ప్యాకెట్లు పోయినా, లేదా కాసేపు మంచి వాటిలో సగానికి మించి చెడ్డవి వస్తూ పోయినా మెషీన్ ఆగుతుంది. ఇదిగాక బోర్డు మీద వాచ్‌డాగ్ ఉంది. కంప్యూటర్ నుంచి మాట రాక 5 మిల్లీసెకండ్లు దాటితే బోర్డు తనంతట తాను ఔట్‌పుట్లు ఆపేస్తుంది. ప్లేటు కోసే ప్లాస్మా టార్చ్ వెలుగుతుండగా కంప్యూటర్ హ్యాంగ్ అయితే మిమ్మల్ని కాపాడేది అదే. ఎర్రర్ రాకుండా చేయడానికి వాచ్‌డాగ్ టైమ్ పెంచమని, ఎర్రర్ లిమిట్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి వినకండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ కూడా కంప్యూటర్ మీద ఆధారపడకుండా నేరుగా కాంటాక్టర్‌కు వైరింగ్ చేసి ఉండాలి. అలా లేకపోతే కార్డు సంగతి తర్వాత, ముందు అది చేయించండి.

ఇప్పుడు ప్యాకెట్ ఆలస్యమైందా, పోయిందా అన్నది తేల్చాలి. దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మెషీన్ ఆగిపోయిన అదే ప్రోగ్రామును టార్చ్ వెలిగించకుండా డ్రై రన్ చేయండి. ప్లాస్మా సోర్సు మెయిన్ స్విచ్ కూడా ఆఫ్ చేయండి. గంట సేపు తిప్పండి, కావాలంటే అదే జాబ్ మళ్లీ మళ్లీ వేయండి. డ్రై రన్‌లో కూడా ఆగితే తప్పు కంప్యూటర్ వైపు ఉంది: కార్డు, డ్రైవర్, కెర్నల్ లేదా బయాస్. డ్రై రన్‌లో ఎంతసేపైనా ఆగకుండా, టార్చ్ వెలిగినప్పుడే ఆగుతుంటే కార్డు మీద అనుమానం పక్కన పెట్టి ఎర్తింగ్ వైపు, కేబుల్ వైపు చూడండి. ప్లాస్మా టేబుళ్ల విషయంలో నేను అన్నిటికంటే ముందు చేసే పరీక్ష ఇదే. కొత్త కార్డు కొన్నాక ఈ పరీక్ష చేసి తల పట్టుకున్నవాళ్లు ఆటోనగర్‌లోనే ఉన్నారు.

డ్రై రన్‌లో ఆగిందనుకుందాం. మొదట చూడాల్సింది, మీరు నిజంగా రియల్‌టైమ్ కెర్నల్‌లోనే ఉన్నారా అని. యునేమ్ -వీ కమాండు ఇస్తే వచ్చే లైన్లో ‘ప్రీఎంప్ట్ ఆర్‌టీ’ అని ఉండాలి. అప్‌డేట్ తర్వాత గ్రబ్ మెనూ (ఏ కెర్నల్ బూట్ కావాలో ఎంచుకునేది) మామూలు కెర్నల్‌ను పైకి తెచ్చేసి, అదే బూట్ అవడం తరచూ జరుగుతుంది. అప్పుడు కూడా లైనక్స్‌సీఎన్‌సీ తెరుచుకుంటుంది, మెషీన్ కదులుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. టెర్మినల్ నుంచి తెరిస్తే ‘నాన్ రియల్‌టైమ్’ అని ఒక చిన్న నోట్ కనిపిస్తుంది, ఐకాన్ నొక్కి తెరిచేవాళ్లు దాన్ని చూడరు. ఇంకో సంగతి, ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే’ అనే మెసేజ్ ప్రోగ్రాము తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఒక్కసారే వస్తుంది. ఒకసారి వచ్చి ఆగిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ తర్వాత వచ్చినవి మీకు చెప్పడం లేదంతే.

కెర్నల్ సరిగ్గా ఉంటే కొలవండి. లైనక్స్‌సీఎన్‌సీ పూర్తిగా మూసేయండి, ఎందుకంటే అది నడుస్తున్నప్పుడు ఆ పోర్టులో వేరే ట్రాఫిక్ వెళ్లకుండా డ్రైవరే ఫైర్‌వాల్ రూల్స్ పెడుతుంది. ఇప్పుడు రూట్ అధికారంతో సీహెచ్‌ఆర్‌టీ 99 (పనికి అత్యధిక ప్రాధాన్యం ఇచ్చే కమాండు) ముందు పెట్టి, బోర్డు ఐపీకి పింగ్ ఇవ్వండి. పింగ్ అంటే చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలిచేది. -ఐ 0.001, -సీ 60000, -క్యూ ఆప్షన్లు కలపండి. మిల్లీసెకండుకు ఒకటి చొప్పున 60,000 ప్యాకెట్లు, అంటే దాదాపు నిమిషం. ఈలోపు పక్కన వీడియో ప్లే చేయండి, పెద్ద ఫైలు కాపీ పెట్టండి, విండోలు అటూ ఇటూ లాగండి. చివర వచ్చే లెక్కలో సగటును చూసి సంతోషపడొద్దు, సగటు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. చూడాల్సింది మాక్స్ అంకె, అంటే అన్నిటికంటే ఎక్కువ పట్టిన సమయం. నా లెక్కలో మాక్స్ 0.3 మిల్లీసెకండ్ల లోపు ఉంటే ఆ కార్డు ఈ పనికి పనికొస్తుంది. 0.5 దాటితే సర్దుబాటు కావాలి. 0.8 దగ్గరికి వెళ్తే మీ ఎర్రర్ ఎందుకొస్తోందో దొరికినట్టే. నిమిషం పరీక్షలో బాగుంటే రాత్రంతా పెట్టి చూడండి. అప్పుడప్పుడు వచ్చే జబ్బు నిమిషంలో బయటపడదు.

మాక్స్ ఎక్కువగా వచ్చిందంటే తప్పు కార్డుదే అని కూడా వెంటనే అనుకోవద్దు. కంప్యూటర్ మొత్తంగా ఆలస్యం చేస్తోందేమో చూడాలి. లైనక్స్‌సీఎన్‌సీతో వచ్చే లేటెన్సీ (ఆలస్యం) హిస్టోగ్రామ్ అనే ప్రోగ్రాము నెట్‌వర్క్‌ను ముట్టుకోకుండా కంప్యూటర్‌ను మాత్రమే కొలుస్తుంది. అది బాగుండి పింగ్ మాక్స్ బాగోకపోతే కార్డు, డ్రైవర్ వైపు తిరగండి. రెండూ బాగోకపోతే ముందు బయాస్‌కు వెళ్లండి. సీ-స్టేట్స్ ఆఫ్ చేయండి. ప్రాసెసర్ ఖాళీ దొరికితే నిద్రపోతుంది, నిద్ర లేవడానికి సమయం తీసుకుంటుంది, మన గడువు అక్కడ కరిగిపోతుంది. హైపర్ థ్రెడింగ్ ఆఫ్. వాడని వైఫై, సౌండ్, సీరియల్ పోర్టులు ఆఫ్. ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ అయితే రిమోట్ మేనేజ్‌మెంట్ కోసం పెట్టిన ఇంటెల్ ఏఎంటీ అనే ఆప్షన్ కూడా ఆఫ్ చేయండి, అది అదే నెట్‌వర్క్ పోర్టును పంచుకుంటుంది.

కెర్నల్ బూట్ లైన్లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆప్షన్ల వరసలో) ఐడిల్=పోల్ పెట్టమని మీకు ఎక్కడైనా కనిపించవచ్చు. లేటెన్సీ తగ్గుతుంది, నిజమే. కానీ ప్రాసెసర్ ఒక్క క్షణం కూడా చల్లబడదు. మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు, రేకుల షెడ్డులో, ఐరన్ పొడి పట్టిన ఫ్యాన్‌తో ఆ ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం రెండింటికి ఆగే మెషీన్ అంటే నేను ముందు ఇదే అనుమానిస్తాను. మన ఊళ్లో దాని జోలికి వెళ్లకుండా సీ-స్టేట్స్‌ను 1కి పరిమితం చేస్తే చాలు. గ్రైండింగ్ పొడి కరెంటు పారనిచ్చే పొడి కాబట్టి సీపీయూను ఫిల్టర్ ఉన్న డబ్బాలో పెట్టి, నెలకోసారి ఊదించండి. నెట్‌వర్క్ పోర్టు లోపల కూడా అది పేరుకుంటుంది.

ఇప్పుడు మీ 8111 కార్డు. చెడ్డ చిప్ కాదది, లక్షల కంప్యూటర్లలో ఉంది. కెర్నల్‌తో వచ్చే ఆర్8169 డ్రైవర్ ఈ కుటుంబంలోని ఎన్నో రివిజన్లను ఒకేచోట నడుపుతుంది, ఇంటి వాడకానికి చక్కగా సరిపోతుంది. రియల్‌టైమ్ పనిలో మాత్రం కొన్ని రివిజన్ల దగ్గర జవాబు అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది. తయారీదారు ఇచ్చే ఆర్8168 డ్రైవర్‌కు మారితే మాక్స్ అంకె గణనీయంగా పడిపోవడం మెసా బోర్డులు వాడేవాళ్లలో చాలామంది చూశారు, నేనూ చూశాను. డెబియన్‌లో కాంట్రిబ్, నాన్‌ఫ్రీ విభాగాలు ఆన్ చేసి, మొదట రియల్‌టైమ్ కెర్నల్ హెడర్లు (డ్రైవర్ బిల్డ్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు), తర్వాత ఆర్8168-డీకేఎంఎస్ ప్యాకేజీ వేయండి. హెడర్లు మామూలు కెర్నల్‌వి వేస్తే రియల్‌టైమ్ కెర్నల్‌కు మాడ్యూల్ బిల్డ్ కాదు, మీరు వేశాననుకుంటారు, నడిచేది పాతదే. రీబూట్ చేసి మళ్లీ ఎల్‌ఎస్‌పీసీఐలో ‘డ్రైవర్ ఇన్ యూజ్’ దగ్గర ఆర్8168 అని ఉందో లేదో కళ్లతో చూడండి. కెర్నల్ మారిన ప్రతిసారీ ఈ మాడ్యూల్ మళ్లీ బిల్డ్ కావాలి, కొత్త కెర్నల్‌కు కాకపోనూ వచ్చు. అందుకే ఒకసారి బాగా నడిచిందంటే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, డిస్క్ ఇమేజ్ ఒకటి తీసి దాచుకోండి.

దాంతోపాటు బూట్ లైన్లో పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్ చేయండి. అది కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న లింకును కరెంటు ఆదా కోసం నిద్రపుచ్చే ఏర్పాటు. ఈథర్‌నెట్ కేబుల్ వైపు కూడా ఇలాంటిదే ఈఈఈ అని ఉంది, నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు మార్చే ఈథ్‌టూల్ కమాండుతో దాన్నీ ఆఫ్ చేయొచ్చు. కరెంటు ఆదా కోసం పెట్టిన ప్రతి సౌకర్యమూ రియల్‌టైమ్‌కు శత్రువే. ఆఫీసు కంప్యూటర్‌కు అవి మంచివి, కటింగ్ టేబుల్‌కు కావు.

నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉంటే బూట్ లైన్లో ఐసోల్‌సీపీయూస్=2,3 పెట్టి రెండు కోర్లు విడదీయండి. లైనక్స్‌సీఎన్‌సీ తన రియల్‌టైమ్ థ్రెడ్‌ను అటే తీసుకెళ్తుంది. రియల్‌టైమ్ కెర్నల్‌లో కార్డు ఇంటరప్ట్ (ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) కూడా ఒక థ్రెడ్‌గానే నడుస్తుంది, దాని పేరులో మీ ఇంటర్‌ఫేస్ పేరు కనిపిస్తుంది, ప్రాధాన్యం మామూలుగా 50 ఉంటుంది. ఆ ఇంటరప్ట్‌ను కూడా విడదీసిన కోరు మీదికి మార్చి, ఇంటరప్ట్‌లను కోర్ల మధ్య పంచే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ సర్వీసు తీసేయండి. ఉంచితే అది మీరు సర్దినదాన్ని మళ్లీ చెదరగొడుతుంది.

ఇంటెల్ కార్డు వేస్తే అన్నీ వాటంతటవే కుదురుతాయనే నమ్మకం ఒకటుంది. ఇంటెల్ చిప్‌లు ఈ పనికి బాగా నప్పుతాయి, నేనూ వాటినే సిఫారసు చేస్తాను. కానీ వాటికీ ఒక గుణం ఉంది. ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి కొన్ని ప్యాకెట్లు పోగయ్యేదాకా ఆగి, అప్పుడొక ఇంటరప్ట్ ఇస్తాయి. దీన్ని కోయలెసింగ్ అంటారు. మన దగ్గర ఒక్కటే ప్యాకెట్, పోగయ్యేది ఏముంటుంది. గుంటూరులో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు వుడ్ రూటర్‌కు పేరున్న కార్డు పెట్టినా పింగ్ మాక్స్ తగ్గలేదు. ఈథ్‌టూల్ -సీ (పెద్ద అక్షరం C) తో ఆర్‌ఎక్స్-యూసెక్స్ విలువ 0 చేశాక అదే కార్డు నిలకడగా నడిచింది. ఈ సెట్టింగు రీబూట్ అయితే పోతుంది, అందుకే నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ‘హార్డ్‌వేర్ ఐఆర్‌క్యూ కోయలెస్ ఆర్‌ఎక్స్ యూసెక్స్ 0’ అనే లైను రాసుకోవాలి.

అదే ఫైల్లో ఇంకో ఉచ్చు ఉంది. కొత్త పీసీఐ కార్డు గుచ్చగానే ఇంటర్‌ఫేస్ పేర్లు మారవచ్చు. ఈఎన్‌పీ2ఎస్0 ఉన్నది ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది, ఫైల్లో పాత పేరే ఉంటుంది, ఐపీ పడదు, బోర్డు పింగ్ కాదు. ‘కార్డు గుచ్చగానే పాత కార్డు కూడా చచ్చిపోయింది’ అని నాకు ఫోన్లు వచ్చిన సందర్భాల్లో చాలావరకు జరిగింది ఇదే. ‘ip a’ అనే కమాండు ఒకసారి ఇచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఐపీ విషయంలో ఇంకొకటి: మెసా బోర్డు అసలు చిరునామా 192.168.1.121. మన ఇళ్లలో, షాపుల్లో ఉన్న రౌటర్లలో చాలావాటిది కూడా 192.168.1 కుటుంబమే. షెడ్డు ఇంటర్నెట్ కోసం అదే కంప్యూటర్‌కు రెండో పోర్టులో రౌటర్ కేబుల్ పెడితే, ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో కంప్యూటర్‌కు తెలియదు. బోర్డు జంపర్ మార్చి 10.10.10.10 పెట్టుకుని, కంప్యూటర్ వైపు 10.10.10.1 ఇవ్వండి. మధ్యలో స్విచ్, రౌటర్ ఏమీ వద్దు, పోర్టు నుంచి బోర్డుకు నేరుగా ఒకే కేబుల్. యూఎస్‌బీకి తగిలించే ఈథర్‌నెట్ అడాప్టర్ల గురించి కూడా అడిగారు. ఇంటర్నెట్‌కు వాడుకోండి, మెషీన్‌కు వద్దు. యూఎస్‌బీ తన పద్ధతిలో తాను ఆగి ఆగి పంపుతుంది, ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు.

డ్రై రన్‌లో ఆగకుండా టార్చ్ వెలిగినప్పుడే ఆగిందనుకుంటే, పైన చెప్పిన డ్రైవర్ పనులు చాలావరకు మీకు అక్కర్లేదు. హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ మొదలుపెట్టే ప్లాస్మా సోర్సులు వెదజల్లే నాయిస్ కేబుల్‌లో పోయే ప్యాకెట్‌ను చెడగొడుతుంది. ఈథ్‌టూల్ -ఎస్ (పెద్ద అక్షరం S) లో సీఆర్‌సీ ఎర్రర్లు, ఎలైన్ ఎర్రర్లు, అంటే చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్కలు, పెరుగుతున్నాయేమో కట్ ముందూ తర్వాతా చూడండి. పెరగకపోయినా నాయిస్ లేదని అర్థం కాదు. ప్యాకెట్ బోర్డు వైపు చెడిపోతే బోర్డు దాన్ని పారేసి ఊరుకుంటుంది, కంప్యూటర్ లెక్కలో ఏమీ పడదు. కేబుల్‌ను టార్చ్ లీడ్‌కు, మోటార్ వైర్లకు పక్కపక్కన కట్టకండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. షీల్డ్ ఉన్న కేబుల్ వాడితే షీల్డ్‌ను రెండు వైపులా బాడీకి కలపకండి, ఒక వైపు చాలు. వర్క్ క్లాంపును టేబుల్ ఫ్రేముకు ఎక్కడో తుప్పు మీద కాకుండా, గీకిన శుభ్రమైన ఇనుము మీద బిగించండి.

ఇక ఎర్తింగ్. టేబుల్‌కు దగ్గరలో విడిగా ఎర్త్ రాడ్ ఉండాలి. టేబుల్, ప్లాస్మా సోర్సు, కంట్రోల్ ప్యానెల్ వైర్లు ఒకే బిందువు దగ్గర కలవాలి. ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోతుంది. వానాకాలంలో బాగా నడిచి ఏప్రిల్‌లో మొరాయించే మెషీన్ల దగ్గరకు వెళ్తే ముందు పిట్‌లో నీళ్లు పోయించి చూస్తాను. తేడా కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించండి. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు, కార్డు కొనడమే తేలికగా అనిపిస్తుంది. కానీ ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించింది కూడా.

ఇవన్నీ చేశాక కూడా కార్డు మార్చాల్సి వస్తే, ఇంటెల్ 82574ఎల్ చిప్ ఉన్న సింగిల్ పోర్టు కార్డు గానీ ఐ210 చిప్ ఉన్నది గానీ తీసుకోండి. మొదటిది ఈ1000ఈ డ్రైవర్‌తో, రెండోది ఐజీబీ డ్రైవర్‌తో నడుస్తాయి, రెండూ ఏళ్లుగా కెర్నల్‌లో ఉన్నాయి, విడిగా ఏమీ బిల్డ్ చేయక్కర్లేదు. చిన్న స్లాటు కార్డు పెద్ద స్లాటులోనూ పనిచేస్తుంది. సన్న క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ బ్రాకెట్ అడిగి తీసుకోండి. గవర్నర్‌పేటలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొనేటప్పుడు డబ్బా మీద కంపెనీ పేరు చూసి ఆగకుండా చిప్ నంబరు అడగండి. ఇంటెల్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి. పెట్టగానే ఎల్‌ఎస్‌పీసీఐలో చిప్ పేరు సరిపోలకపోతే అదే రోజు తిరిగిచ్చేయండి.

కంప్యూటరే మార్చాలనుకుంటే నేనైతే కొత్తది కొనను. ఆఫీసుల నుంచి వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్ 7040, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ2 లాంటి వాటిలో ఇంటెల్ ఐ219-ఎల్ఎమ్ పోర్టు మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే డెల్‌లో 3040 లాంటి కింది వరస మోడళ్లలో ఉండేది రియల్‌టెక్. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి మోడల్ నంబరు చూసే డబ్బు ఇవ్వండి. షాపులో ఒప్పుకుంటే పెన్‌డ్రైవ్‌లో లైనక్స్‌సీఎన్‌సీ లైవ్ ఇమేజ్ తీసుకెళ్లి అక్కడే బూట్ చేసి, లేటెన్సీ హిస్టోగ్రామ్ పది నిమిషాలు నడపండి.

మీ కొత్త మదర్‌బోర్డును షాపువాళ్లు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. తీసుకోకపోతే డెబియన్ 13 వేసి, ఖాళీ స్లాటులో పైన చెప్పిన కార్డు పెట్టి మెషీన్‌కు ఆ కార్డు, ఇంటర్నెట్‌కు దాని సొంత పోర్టు వాడుకోవచ్చు. ఆ లోపు పాత కంప్యూటర్ మీద మూడు విషయాలు రాసి పంపండి: ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే లో నెట్‌వర్క్ కార్డు లైన్లు, యునేమ్ -ఏ ఇచ్చిన జవాబు, నిమిషం పింగ్ చివరి రెండు లైన్లు. డ్రై రన్‌లో ఆగిందో లేదో కూడా చెప్పండి. ఆగిన సమయం పొద్దునా మధ్యాహ్నమా అన్నది గుర్తుంటే అదీ రాయండి, దాన్నిబట్టి వేడా, ఎర్తా, డ్రైవరా అన్నది చాలావరకు తేలుతుంది.